వేరుతో పోరు: కంప తీసే పనిముట్ల చరిత్ర

తెలుగు నేల మీద సాగు విస్తరించిన తీరును గురించి రాసినవారు చెరువులను, కాలువలను, శిస్తు లెక్కలను విస్తారంగా పరిశీలించారు గాని, నాగలి దిగక ముందు ఆ నేలను కప్పి ఉన్న కంపను, పొదను, మొద్దును ఎవరు తీశారు, దేనితో తీశారు, తీసినదాన్ని ఎక్కడ వేశారు అన్న ప్రశ్నలకు ఆ రచనల్లో దక్కిన చోటు తక్కువ. కంప అంటే ముళ్లున్న కొమ్మల గుబురు, నరికి పడేసిన ముళ్లకొమ్మ కూడా కంపే; బీడు అంటే కొంతకాలం సాగులో ఉండి వదిలేసిన నేల, బంజరు అంటే అసలు సాగుకు రాని నేల. ఈ రెండింటినీ పొలంగా మార్చే పనిలో నరకడం మొదటి మెట్టు మాత్రమే. నరికిన చెట్టు వేరు నేలలో ఉన్నంతకాలం నాగలి కర్రు దానికి తగులుకుంటూనే ఉంటుంది, తొలకరి పడగానే మోడు చుట్టూ పిలకలు లేస్తూనే ఉంటాయి. అందువల్ల నేల తెరిచే పనిముట్ల చరిత్రను కొమ్మ వైపు నుంచి గాక వేరు వైపు నుంచి చదవడమే సరైన పద్ధతి. గడ్డపార మొదలుకొని నేటి పొక్లెయిన్ చేతికి తగిలించే ఇనుప పళ్ల దాకా ఈ పనిముట్లకు ఆయా రూపాలు రావడానికి మూలకారణం నేల కింద వేరు పట్టిన పట్టు.

అడవి కొట్టి ఊరు కట్టిన కథలు తెలుగువారి స్థానిక చరిత్రల్లో తరచుగా కనిపిస్తాయి. కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులలో, అంటే ఊళ్లలో ఉన్న పాత లెక్కలను, పెద్దల నోట విన్న సంగతులను బట్టి రాయించిన గ్రామ చరిత్రల్లో, కర్నూలు ప్రాంతపు ఊళ్లు కొన్ని తమ పుట్టుకను కాకతీయ ప్రతాపరుద్రుడు అడవి కొట్టించడంతో ముడిపెట్టుకున్నాయి. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగం సరిహద్దుల్లోని అడవులను పెంచమని, దేశం నడుమ ఉన్న అడవులను మాత్రం దొంగల బెడద లేకుండా నరికించమని రాజుకు చెబుతుంది. అడవిని తీయడం అప్పటికే రాజ్యపాలనలో ఒక అంగమని ఈ రెండు ఆధారాలను బట్టి తెలుస్తోంది. అయితే ఇవి నరికించిన ప్రభువును గుర్తుపెట్టుకున్నాయి గాని, నరికినవాడి చేతిలోని ఇనుమును గురించి ఒక్క మాటా చెప్పవు. ఆ ఇనుమును తెలుసుకోవాలంటే గ్రంథాలను పక్కనబెట్టి, ఇప్పటికీ పల్లెల్లో చూరుకు చెక్కి ఉంచే పనిముట్లనే చూడాలి.

అవి నాలుగే: గొడ్డలి, మచ్చుకత్తి, గడ్డపార, పంగలకర్ర. గొడ్డలి మాను కోసం, మచ్చుకత్తి కొమ్మల కోసం. కోస్తాలో గునపమని పిలిచే గడ్డపార నాలుగైదు అడుగుల ఇనుప కడ్డీ. దాని కొసను మొద్దు పక్కన మట్టిలో దించి, వేరు కిందికి దూర్చి, పై కొస మీద ఒంటి బరువంతా వేసి నొక్కినప్పుడు అది తులాదండంలా పనిచేస్తుంది. నాలుగో పనిముట్టయిన పంగలకర్రను పనిముట్టుగా లెక్కించేవారు అరుదే గాని, ముళ్లకంపతో పనిచేసే మనిషికి అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. కొసన రెండుగా చీలిన ఆ పొడవాటి కర్రతో ఎడమచేత్తో కంపను అదిమిపెట్టి, కుడిచేత్తో కత్తి వేసి, తెగిన కొమ్మను మళ్లీ ఆ పంగతోనే దూరంగా నెట్టి కుప్ప వేస్తారు. ముల్లు చేతికి తగలకుండా కంపను పట్టుకునే ఉపాయం అది. ఒకటి అదమడానికి, ఒకటి లాగడానికి అన్న ఆ జంట కదలికే కొన్ని వందల ఏళ్ల తర్వాత ఇనుములోకి, నూనె ఒత్తిడిలోకి మారింది.

కొండ ప్రాంతాల్లో ఈ పనిని నిప్పుకు అప్పగించారు. తూర్పు కనుమల్లో, గోదావరి ఏజెన్సీలో, ఆదిలాబాద్ అడవుల్లో గిరిజనులు చేసిన పోడు సేద్యంలో చలికాలం చివర చెట్టూ పొదా నరికి ఆరబెట్టి, ఎండలు ముదిరాక తగలబెట్టి, వానలకు ఆ బూడిదలో విత్తనం వేసేవారు. పోడులో వేరును తీయరు. నాగలి లేకుండా కర్రతోనో చిన్న గుద్దలితోనో విత్తే ఆ సేద్యానికి వేరు అడ్డం కాదు. పైగా రెండు మూడు పంటల తర్వాత నేలను వదిలేసినప్పుడు అడవి మళ్లీ లేవడానికి ఆ మిగిలిన వేళ్లే ఆధారం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు అడవులు ఏర్పడి, పోడు మీద ఆంక్షలు బిగిశాక పెరిగిన కడుపుమంట అల్లూరి సీతారామరాజు నడిపిన 1922–24 నాటి మన్యం తిరుగుబాటుకు కారణాల్లో ఒకటైంది. మైదానంలో అడవి కొట్టించి పన్ను వసూలు చేసిన రాజ్యమే కొండ మీద అడవి కొట్టడాన్ని నేరంగా చూసిందన్న సంగతి ఇక్కడ గమనించదగినది. వేరును పెళ్లగించి నేలను శాశ్వతంగా పొలం చేసినవాడిని రైతు అన్నారు, వేరును నేలలోనే ఉంచినవాడిని అడవి పాడుచేసేవాడని అన్నారు.

ఆ చట్టానికి అయిదారేళ్ల ముందు కడప జిల్లాలో జరిగిన ఒక చిన్న పని ఆ తర్వాతి నూటయాభై ఏళ్ల కంప చరిత్రను మార్చివేసింది. మద్రాసు అటవీ శాఖలో కన్సర్వేటరుగా, అంటే అడవుల సంరక్షణాధికారిగా ఉన్న కర్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ ఎండు ప్రాంతాల్లో నాటడానికి ప్రోసోపిస్ అనే చెట్టు విత్తనాలు తెప్పించవలసిందిగా 1876లో రెవెన్యూ శాఖను కోరాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలతో 1877లో కమలాపురంలో మొక్కలు పెంచారు. కడప మీదుగా రైలు దారి పడి కొద్ది ఏళ్లే అయింది. ఇంజన్లకూ పొయ్యిలకూ కట్టె కరువై అడవులు పలచబడుతున్న కాలం. పైగా 1876–78 మధ్య మద్రాసు రాజధాని జిల్లాలను, ముఖ్యంగా దత్తమండలాలను, ఘోరమైన కరువు పట్టి పీడిస్తున్న రోజులవి. నీరు లేకపోయినా పెరిగి, ఎన్నిసార్లు నరికినా లేచి, ఏటా కట్టె ఇచ్చే చెట్టు ఆనాటి అధికారికి వరంలా తోచడంలో తప్పేమీ లేదు. సర్కారు తెచ్చి నాటిన చెట్టు కాబట్టి అది జనం నోట సర్కారు తుమ్మ అయింది. సీమతుమ్మ, ఇంగ్లీషు తుమ్మ అన్న పేర్లు కూడా దాని పుట్టుకను మరిచిపోనివ్వని పేర్లే.

ఏ గుణం చూసి దాన్ని తెచ్చారో ఆ గుణమే తర్వాత రైతుకు శత్రువైంది. సర్కారు తుమ్మ కాయలు తియ్యగా ఉంటాయి, మేకలూ గొర్రెలూ పశువులూ వాటిని ఇష్టంగా తింటాయి, గట్టి విత్తనాలు చాలావరకు అరగకుండా పెంటికలతో పేడతో బయటపడి, అక్కడే మొలకెత్తడానికి సిద్ధంగా ఉంటాయి. మంద నడిచిన దారంతా, చెరువు కట్టల మీద, వాగు గట్ల మీద, సాగు వదిలిన చెలకల్లో, ఊరి పోరంబోకుల్లో ఆ చెట్టు పరుచుకుంది. దాని వేరు లోతుకు సాటి లేదు. అదే ప్రజాతికి చెందిన మెస్కీట్ చెట్టు వేరు ఒకటి అమెరికాలోని అరిజోనాలో టూసాన్ దగ్గర గని తవ్వకంలో 53 మీటర్ల లోతున కనిపించినట్టు 1960లో నమోదైంది. అయితే తొలగించేవాడికి నిజంగా ముఖ్యమైనది ఆ లోతు కాదు. కాండమూ వేరూ కలిసే చోటును వేరు మెడ అనవచ్చు. నేల మట్టానికి కాస్త కింద, సుమారు జానెడు మూరెడు లోతు వరకు ఉండే ఆ మెడ మీద నిద్రపోతున్న మొగ్గలు ఉంటాయి. కాండాన్ని నేలకు పైన నరికితే ఆ మొగ్గలన్నీ ఒక్కసారిగా మేలుకొని, ఒక మాను ఉన్నచోట పది పిలకలు లేచి, చెట్టు పొదగా మారుతుంది. మెడకు కిందుగా కోస్తే మాత్రం ఇంకా లోతున ఎంత వేరు మిగిలినా అది చచ్చిపోతుంది. గొడ్డలితో ఏటేటా నరికిన బీడు ఏటేటా మరింత చిక్కబడటానికి కారణం ఇదే. గడ్డపార పట్టి మెడ దాకా తవ్విన రైతు మాత్రమే ఆ చెట్టును నిజంగా తీసేశాడు. పెద్ద మొద్దయితే ఇద్దరు మనుషులకు అది పూట గడిచే పని.

కమలాపురంలో విత్తనాలు పడుతున్న కాలంలోనే దక్షిణ ఆస్ట్రేలియాలో వలస రైతులు ఇలాంటి వేరుతోనే తలపడుతుండటం పోల్చి చూడదగిన సంగతి. అక్కడి మాలీ అనే పొట్టి నీలగిరి చెట్లకు నేలలో పెద్ద కట్టెగడ్డ ఉంటుంది. నరికినా కాల్చినా అందులోంచి కొత్త కొమ్మలు లేస్తాయి. గడ్డలను తవ్వించే ఖర్చు నేల ఖరీదును మించిపోవడంతో, మొద్దు పెరికే యంత్రం కనిపెట్టినవారికి 1878లో అక్కడి ప్రభుత్వం 200 పౌన్ల బహుమతి ప్రకటించింది. వాస్లీస్ ప్రాంతపు రైతు చార్లెస్ ముల్లెన్ పేరు మీద ప్రచారమైన పద్ధతిలో బరువైన దొర్లుడు గుండును లాగించి పొదను నేలకు అణచి, ఎండాక తగలబెట్టి, మధ్య మధ్య మిగిలిన నేలను గీరి గోధుమ చల్లేవారు. 1876లో రిచర్డ్ బౌయర్ స్మిత్ తయారు చేసిన నాగలి మరొక దారి పట్టింది. దాని కర్రు మొద్దుకు తగిలినప్పుడు విరగకుండా కీలు మీద పైకి లేచి, మొద్దు దాటాక బరువుకు తిరిగి నేలలో దిగుతుంది. వేరును పెకలించలేని చోట దానితో సర్దుకుపోయే పనిముట్టు అది. వేరు రూపమే పనిముట్టు రూపాన్ని నిర్ణయిస్తుందన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఇరవయ్యో శతాబ్దపు నడుమ రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బుల్డోజర్ అన్ని దేశాలకూ పరిచయమైంది. ముందు ఇనుప రేకుతో మట్టిని తోసుకుపోయే ఆ యంత్రం ఉంటే ఎంత అడవినైనా పొలంగా మార్చవచ్చన్న నమ్మకం ఆనాటి ప్రభుత్వాలను ఆవహించింది. ఆ నమ్మకానికి గట్టి దెబ్బ తగిలిన చోటు తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యికా, అంటే నేటి టాంజానియా. యుద్ధం తర్వాత వంటనూనెకు కటకటలాడిన బ్రిటన్ అక్కడ వేరుశనగ పండించాలని సంకల్పించి, తూర్పు, మధ్య ఆఫ్రికాలలో ముప్పై లక్షల ఎకరాలకు పైగా పొదలు తీయించే పథకం 1947లో మొదలుపెట్టింది; తొలి ఏడాది లక్ష్యం 1,50,000 ఎకరాలు. పని మొదలైన కోంగ్వా ప్రాంతంలో పొద పైకి చూడటానికి పెద్దగా ఉండదు, కాని కింద వేళ్లు చిక్కగా అల్లుకుని ఉంటాయి. వాటిని పట్టి ఉన్న బంకమట్టి ఎండకు ఇటుకలా గట్టిపడుతుంది. యుద్ధంలో వాడి వదిలేసిన ట్రాక్టర్లను కొని తెచ్చారు. 1947 వేసవి ముగిసేసరికి వాటిలో మూడింట రెండు వంతులు మూలపడ్డాయి. షెర్మన్ ట్యాంకులను ట్రాక్టర్లుగా మార్పించి, షెర్విక్ అన్న పేరు పెట్టి పంపించారు, అవీ నిలవలేదు.

కోంగ్వాలో కొంతైనా పనిచేసిన ఉపాయం ఓడ లంగరు గొలుసు. రెండు బుల్డోజర్ల మధ్య బరువైన గొలుసు కట్టి, రెండూ సమాంతరంగా ముందుకు నడిస్తే, నడుమ ఉన్న చెట్లు గొలుసుకు తగిలి వేళ్లతో సహా వాలిపోయేవి. వాలని చెట్టును వెనకనుంచి మూడో బుల్డోజరు తోసేది. ఆ పద్ధతి మాను ఉన్న చెట్టుకు సరిపోయింది, వంగి మళ్లీ లేచే పొదకు సరిపోలేదు. 1951 జనవరిలో పథకాన్ని వదులుకునేనాటికి బ్రిటిష్ ఖజానాకు పడిన నష్టం సుమారు 3 కోట్ల 60 లక్షల పౌన్లు. ఎండిన బంకనేలలో వేరుశనగ కాయ దిగదని, దిగినా పీకితే రాదని రాయలసీమలో కౌలు రైతును అడిగినా చెప్పి ఉండేవాడు. ఆ పథకం కర్తలు నేలనూ వేరునూ చూడకుండా ఎకరాల లెక్కనే చూశారు.

స్వతంత్ర భారతదేశం కూడా ఆ రోజుల్లోనే యుద్ధపు మిగులు ట్రాక్టర్లతో కేంద్ర ట్రాక్టర్ సంస్థను నెలకొల్పి, మధ్య భారతంలో రెల్లు జాతి కాన్స్ గడ్డి పట్టిన లక్షల ఎకరాలను లోతుగా దున్నించే పని చేపట్టింది. ఆ పనికి కావలసిన యంత్రాల కొనుగోలుకు 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల అప్పు ఇచ్చింది. అక్కడి శత్రువు కూడా నేల కింద పాకే దుంపే. అమెరికాలోని టెక్సస్ పశుపాలకులు మెస్కీట్ మీద వాడిన వేరు నాగలి ఈ అనుభవాలన్నిటిలోకీ తెలివైన పరిష్కారం. చాలా బలమైన ట్రాక్టరు వెనక అడ్డంగా బిగించిన పదునైన ఇనుప పట్టీ నేల మట్టానికి అడుగు లోతున సాగుతూ, వేరు మెడకు కిందుగా కోసుకుంటూ పోతుంది. నేలంతా కదిలిపోయి గడ్డి కూడా చచ్చిపోవడం దాని లోపం. చెట్టు ఉన్నచోటా లేనిచోటా అది ఒకేలా తిరగేస్తుంది.

బుల్డోజరు, గొలుసు, వేరు నాగలి అన్నీ నేల వెంట పాకే పనిముట్లు. చెట్టు దగ్గర ఆగి, దాన్ని ఒక్కదాన్నే పట్టి, పైకి ఎత్తగలిగిన చేయి యంత్రానికి ఇంకా రాలేదు. ఆ చేయి హైడ్రాలిక్ శక్తితో వచ్చింది. పంపు ఒత్తిడి పెట్టిన నూనె గొట్టాల ద్వారా వెళ్లి ఉక్కు సిలిండరులోని కడ్డీని ముందుకూ వెనక్కూ నెట్టడమే హైడ్రాలిక్ పద్ధతి. తాళ్లూ కప్పీలూ ఉన్న పాత తవ్వకపు యంత్రం బరువును ఎత్తగలదు గాని, తొట్టిని మణికట్టులా మడిచి గుచ్చి లాగలేదు. ఫ్రాన్సులో జార్జ్ బటాయ్ 1927లో సేద్యపు పనిముట్ల కర్మాగారంగా మొదలుపెట్టిన పొక్లెయిన్ సంస్థ 1951లో తొలి హైడ్రాలిక్ తవ్వకపు యంత్రాన్ని, 1961లో చుట్టూ తిరగగల టీవై 45 నమూనాను తెచ్చింది. ఇంగ్లండులో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ 1945లో స్థాపించిన జేసీబీ సంస్థ 1953లో ట్రాక్టరు వెనక తవ్వే చేయి, ముందు ఎత్తే తొట్టి ఉన్న యంత్రాన్ని తయారుచేసింది.

ఈ రెండు పేర్లూ తెలుగులో పొందిన జీవితం భాషాచరిత్ర రాసేవారు పట్టించుకోవలసిన విషయం. లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ పొక్లెయిన్ పరిజ్ఞానంతో ఇక్కడే యంత్రాలు తయారుచేసి అమ్మడం వల్ల, ఇనుప చైను మీద నడిచే తవ్వకపు యంత్రమేదైనా, టాటా హిటాచీ అయినా మరొకటైనా, తెలుగువారికి పొక్లెయినే అయింది. పొక్లెయినర్, ప్రొక్లెయిన్ అన్న రూపాలు కూడా పత్రికల్లో కనిపిస్తాయి. 1979లో హరియాణాలోని బల్లభ్‌గఢ్‌లో ఎస్కార్ట్స్‌తో కలిసి తయారీ మొదలుపెట్టిన జేసీబీ పేరు టైర్ల మీద నడిచే యంత్రానికి స్థిరపడింది. ఫ్రెంచి సంస్థ పేరుతో ఎక్స్‌కవేటర్లు రావడం ఆగిపోయి చాలా కాలమైనా ఆ పేరు మాత్రం ఊళ్లలో నిలిచి ఉంది. ఈ తేడా కంప తీసేవారికి మాటల తేడా మాత్రమే కాదు. ఏడెనిమిది టన్నుల జేసీబీ రోడ్డు మీద తనంతట తాను నడిచి ఊరికి వస్తుంది, గంట బాడుగ తక్కువ. కాని సర్కారు తుమ్మ ముల్లు టైరును చీలుస్తుంది. ఇరవై టన్నుల పొక్లెయిన్‌ను లారీ మీద ఎక్కించి తేవాలి, అయితే ముల్లు దాని చైనును ఏమీ చేయలేదు.

పొక్లెయిన్ చేతి కొసకు తవ్వకపు తొట్టి బదులు వేరే పనిముట్టును తగిలించవచ్చు. ఇలా తగిలించేవాటిని అటాచ్‌మెంట్లు అంటారు. వాటిలో తెలుగు ప్రాంతాల్లో బాగా తెలిసినది రాతిని పగలగొట్టే బ్రేకరే గాని, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలో కంప పనికోసమే ప్రత్యేకించినవి పెరిగాయి. వాటిలో మొదట చెప్పవలసినది థంబ్, అంటే బొటనవేలు. తొట్టికి ఎదురుగా చేతి లోపలివైపు బిగించిన ఆ ఇనుప వేలు తొట్టి మడిచినప్పుడు దానికి ఆనుకుంటుంది, రెండిటి నడుమ మొద్దో కొమ్మల మోపో ఇరుక్కుని జారకుండా ఉంటుంది. సాదా రకం ఒకే కోణంలో బిగించి ఉంటుంది, హైడ్రాలిక్ రకం తన సిలిండరుతో తానే కదులుతుంది. పంగలకర్రతో అదిమి కత్తితో లాగిన మనిషి రెండు చేతుల పనిని ఇక్కడ ఒక్క ఇనుప పిడికిలి చేస్తోంది.

రెండోది రేక్, పళ్ల దువ్వెన వంటిది. తొట్టికి ఉండే రేకు గోడలు దీనికి ఉండవు, వంపు తిరిగిన పొడవాటి పళ్లే ఉంటాయి. నేలలో గుచ్చి లాగితే వేరూ కంపా పళ్లకు చిక్కుకుంటాయి, మట్టి పళ్ల సందుల్లోంచి రాలిపోతుంది. ఈ ఒక్క గుణం బుల్డోజరు తెచ్చిన పెద్ద నష్టాన్ని తప్పించింది. బుల్డోజరు రేకు పొదతోపాటు పైపొర మట్టిని, అంటే వందల ఏళ్లు ఆకూ పేడా కుళ్లి తయారైన సారవంతమైన నేలను కూడా తోసి కుప్ప వేస్తుంది. మట్టి కలిసిన కుప్ప సరిగా కాలదు, పొలానికి సారమూ మిగలదు. కంపను పట్టి, పైకెత్తి, దులిపి పక్కన పెట్టడమన్నది చేయి ఉన్న యంత్రానికే సాధ్యం. మూడోదైన మల్చర్ పిండిమర తరహాది: గట్టి పళ్లున్న ఉక్కు దొర్లుడు అతివేగంగా తిరుగుతూ నిలిచిన పొదను నిలిచినట్టే తురుముతుంది, తురుము నేల మీద పరుచుకుని మన్ను కోతను ఆపుతుంది. కాల్చే అవసరం ఉండదు, పొగ ఉండదు. అయితే అది గొడ్డలి చేసిన తప్పునే చేస్తుంది. వేరు మెడను వదిలేసి పైభాగాన్ని మాత్రమే తీస్తుంది కాబట్టి సర్కారు తుమ్మ వంటి చెట్టు దాని వెనకే చిగురిస్తుంది. మందు చల్లకుండా, మళ్లీ మళ్లీ తురమకుండా దాన్ని ఈ చెట్టు మీద వాడటం డబ్బు దండగ.

తెలుగు పల్లెల్లో రేక్ గాని బొటనవేలు గాని ఉన్న యంత్రం అరుదు. అక్కడి ఆపరేటరు సాధారణ తవ్వకపు తొట్టితోనే పట్టడం, ఎత్తడం, దులపడం అన్న మూడు పనులూ చేసే నేర్పు సంపాదించాడు, ఆ నేర్పును దగ్గరగా చూడటం అవసరం. పొద దగ్గరికి వచ్చిన యంత్రం నేరుగా మొదలు మీద పడదు. తొట్టి వీపుతో కొమ్మల గుబురును ఒక పక్కకు వంచి మొదలు ఎక్కడుందో ముందు బయటపెడుతుంది. తర్వాత మొదలుకు రెండు మూడు అడుగుల దూరంలో తొట్టి పళ్లు దించి, పక్కలకు పాకిన వేళ్లను ఒకటి రెండు వైపుల తెంపుతుంది. వేరు తెగినప్పటి ఫట్‌మన్న చప్పుడు ఇంజను మోతలోనూ వినిపిస్తుంది. ఆ మీదట తొట్టిని కాండం మీద కాస్త ఎత్తున ఆనించి ఎదరకు నెడుతుంది. కాండం పొడవే ఇప్పుడు గడ్డపార అవుతుంది, ఎంత ఎత్తున నెడితే అంత సులువుగా మొద్దు కదులుతుంది. అందుకే తెలిసిన ఆపరేటరు పొలంలో ముందుగా చెట్టు నరికించవద్దని రైతుకు చెబుతాడు; నరికిన మోడును పెరకడం నిలిచిన చెట్టును పెరకడం కన్నా కష్టం. మొద్దు వాలాక తొట్టిని కిందికి దూర్చి, మణికట్టు తిప్పినట్టు మడిచి, మెడతో సహా పైకి ఎత్తి, రెండు మూడు సార్లు గాలిలో కుదిపి మట్టి రాల్చి, కుప్ప మీద వేళ్లు పైకి వచ్చేలా పడేస్తుంది. వేరు నేలకు తగిలి ఉంటే వానకు మళ్లీ పట్టుకుంటుందేమోనన్న జాగ్రత్త అది. చివరగా గుంతను పూడ్చి తొట్టి వీపుతో చదును చేస్తుంది.

గత రెండు దశాబ్దాల్లో ఈ పని ఊరి పనిగా గాక ప్రభుత్వ పనిగా పెరిగింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకంలో పేదల భూముల అభివృద్ధికి చోటు దొరికింది. మనుషుల పనిని కాజేసే యంత్రాలను ఆ పథకపు చట్టం వీలైనంతవరకు దూరం పెట్టింది కాబట్టి అక్కడ గడ్డపారే మళ్లీ పనిచేసింది. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీతతోపాటు చెరువు కట్టల మీది కంపను తొలగించారు, అక్కడ పనంతా పొక్లెయిన్లదే. కట్ట మీది చెట్టు పొలంలోని చెట్టు వంటిది కాదు. దాన్ని పెకలిస్తే కట్టలో గుంత పడుతుంది, నరికి వేరు వదిలేస్తే ఆ వేరు కుళ్లి సొరంగమై అందులోంచి నీరు ఊరుతుంది. గుంతలో పొరలు పొరలుగా మట్టి వేసి దిమ్మిస చేయనిదే కట్టకు భద్రత లేదు. గంటల లెక్కన బిల్లు చేసే పనిలో ఆ చివరి జాగ్రత్త జారిపోవడం సులువు, కట్ట పనుల్లో అందరికన్నా ఎక్కువ గమనించి తీరవలసినది అదే. అమరావతిలో కొన్నేళ్లు పనులు ఆగిన రాజధాని నేల సర్కారు తుమ్మ చేతికి చిక్కడం, 2024లో వందల యంత్రాలు పెట్టి దాన్ని తీయించవలసి రావడం తెలుగువారందరూ చూసినదే. ఒకప్పుడు అరటీ కూరగాయలూ పండిన నల్లరేగడిలో ఆ చెట్టు అంతెత్తున లేవడానికి అయిదేళ్లు చాలాయి. తమిళనాడులో ఇదే చెట్టును తొలగించాలని 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆదేశించగా, అదే ఏడాది హైకోర్టే ఆ పనిని తాత్కాలికంగా నిలిపివేసింది.

ఆ నిలుపుదలకు వెనక ఉన్న ప్రశ్న తెలుగు జిల్లాలకూ వర్తిస్తుంది. బెడ్డోమ్ ఆశించిన కట్టెను ఈ చెట్టు నిజంగానే ఇచ్చింది. ప్రకాశం, నెల్లూరు, అనంతపురం, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో భూమి లేని కుటుంబాలు దాన్ని నరికి, మట్టి కప్పిన బట్టీల్లో బొగ్గు కాల్చి బతికాయి. వంటచెరకుకు మరో ఆధారం లేని ఇళ్లకు అదే దిక్కయింది. బొగ్గు కాల్చేవాడికి పిలకలు లేవడమే కావాలి, పొలం చేసేవాడికి లేవకపోవడమే కావాలి. ఒకే వేరు ఇద్దరిని పోషించలేదు కాబట్టి, ఎవరి భూమిలో ఏ పనిముట్టు దిగాలన్నది ఊరు కలిసి తేల్చుకోవలసిన విషయం, కేవలం యంత్రం బాడుగ లెక్కతో తేలేది కాదు.

పొక్లెయిన్ వెళ్లిపోయిన పొలంలో పని అక్కడితో ముగియదు. తొట్టి పళ్ల సందుల్లోంచి జారిన బొటనవేలి లావు వేరు ముక్కలు, విరిగిన ముళ్లు, మట్టిలో కలిసిన కాయలు అంతటా మిగులుతాయి. నేలలో ఏళ్ల తరబడి నిద్రపోగల విత్తనాలు తొలి వానకు మొలకెత్తుతాయి. మొదటి ఏడాది రెండు మూడు సార్లు దున్ని, మొలకలను జానెడు ఎత్తు దాటకముందే తీసివేసిన పొలమే నిలుస్తుంది. యంత్రం లారీ ఎక్కిన సాయంత్రం నుంచే ఆడవాళ్లు తట్టలు పట్టుకుని సాళ్ల వెంట నడుస్తూ, ఆ వేరు ముక్కలను ఒక్కొక్కటిగా ఏరి, దులిపి, ఇంటి పొయ్యి కోసం మోపులు కట్టుకుని తీసుకుపోతారు.